డిప్లొమా పోస్టుకి బీటెక్ ఎక్కువైందట. డిగ్రీ దాచాలా, చూపించాలా?

కొలిమి_కుర్రాడు
అభ్యర్థి మా చిన్నాన్న కొడుకు. పాలిటెక్నిక్ మెకానికల్ 2019, ఈసెట్ (డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష) రాసి లేటరల్‌గా, అంటే నేరుగా రెండో ఏడాదిలో చేరి బీటెక్ 2022. ఒక ఆటో విడిభాగాల కంపెనీ సీఎన్‌సీ సెట్టర్ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్‌ని పనికి సిద్ధం చేసేవాడు) పోస్టులకి డిప్లొమా వాళ్లని పిలిచింది. టెక్నికల్ రౌండ్ దాటాడు, ట్రేడ్ టెస్ట్ దాటాడు. చివర్న హెచ్ఆర్ "ఓవర్ క్వాలిఫైడ్, ఆరు నెలల్లో వెళ్లిపోతావు" అని పక్కన పెట్టేశారు. బీటెక్ వాళ్ల జీఈటీ (గ్రాడ్యుయేట్ ఇంజనీర్ ట్రైనీ) పోస్టులకి వెళ్తేనేమో ఈ ఏడాది క్యాంపస్ వాళ్లకే అంటున్నారు. ఇప్పుడొక కన్సల్టెన్సీ అతను బీటెక్ తీసేసి డిప్లొమా ఒక్కటే రాయమంటున్నాడు. అలా రాస్తే ఏమవుతుంది? గవర్నమెంట్ నోటిఫికేషన్లలో కూడా చదువు ఎక్కువుందని తీసేయొచ్చా? అసలు ఈ పరిస్థితి ఎలా వచ్చిందో తెలిసినవాళ్లు చెప్పండి. చదివించిన ఇంట్లోవాళ్లకి ఏం సమాధానం చెప్పాలో అర్థం కావట్లేదు.

వేములవాడ_వాసు
గా కన్సల్టెన్సోని మాట అస్సల్ ఇనకుండ్రి అన్నా. ఆనికి కమీషన్ వస్తది, పిలగాని కొలువు పోతది.

షాప్‌ఫ్లోర్_హెచ్ఆర్
అవతలి వైపు నుంచి చెప్తాను, కోప్పడకండి. ఫ్యాక్టరీలో మూడు ద్వారాలుంటాయి. ఐటీఐ వాళ్లు ఆపరేటర్, డిప్లొమా వాళ్లు డీఈటీ (డిప్లొమా ఇంజనీర్ ట్రైనీ), బీటెక్ వాళ్లు జీఈటీ. ఒక్కోదానికి జీతం స్లాబు వేరు, ప్రమోషన్ వరస వేరు. సెట్టర్‌గా తీసుకున్నవాణ్ణి ఒక మెషిన్ మీద సొంతంగా వదలాలంటే మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. అన్నాళ్లూ జీతం ఇస్తూ స్క్రాప్ భరిస్తాం. సరిగ్గా పని వచ్చేసరికి సాఫ్ట్‌వేర్ కోర్సు పూర్తి చేసుకుని వెళ్లిపోతే నష్టం మాది. ఇంకోటి, డీఈటీ స్లాబులో బీటెక్ వాణ్ణి పెడితే ఏడాది తిరక్కుండా "పక్క సీట్లో జీఈటీ చేసే పనే నేనూ చేస్తున్నాను, జీతం ఎందుకు తక్కువ" అని అడుగుతాడు. అడగడం న్యాయమే. దానికి మా దగ్గర జవాబు ఉండదు. అందుకే ముందే తప్పించుకుంటారు.

గుంటూరు_మిర్చి
జవాబు లేని ప్రశ్న అడుగుతాడని ఉద్యోగమే ఇవ్వకపోవడం ఏ న్యాయం అండీ?

షాప్‌ఫ్లోర్_హెచ్ఆర్
న్యాయమని నేననలేదు. కారణం చెప్పాను. కారణం తెలిస్తేనే కదా దానికి విరుగుడు వెతుక్కునేది.

రూల్‌బుక్
దాచడం గురించి ముందు చెప్తాను, ఎందుకంటే అది ప్రమాదం.

ఒక బ్యాంకు ప్యూన్ పోస్టుకి ప్రకటన ఇస్తూ ఇంటర్ పాసై ఉండాలి, గ్రాడ్యుయేట్ అయి ఉండకూడదు అని రాసింది. డిగ్రీ ఉన్న ఒడిశా అభ్యర్థి ఇంటర్ వరకే రాసి ఎంపికయ్యాడు. తర్వాత బయటపడింది, బ్యాంకు చేర్చుకోలేదు. ఒడిశా హైకోర్టులో గెలిచాడు కానీ 2020 నవంబరులో సుప్రీంకోర్టు బ్యాంకు వైపే తీర్పు ఇచ్చింది. ఆ షరతు అన్యాయం అనుకుంటే ప్రకటన వచ్చినప్పుడే సవాలు చేయాల్సింది, తెలిసీ దాచి దరఖాస్తు పెట్టి తర్వాత ఎక్కువ చదివానని హక్కు అడగడం కుదరదు అన్నది అందులో సారం.

ప్రైవేటులో రెజ్యూమెలో ఏం రాయాలన్నది మన ఇష్టం. తేడా వచ్చేది కంపెనీ ఇచ్చే అప్లికేషన్ ఫారం దగ్గర. "అత్యున్నత విద్యార్హత" అనే గడి ఉంటుంది, చివర "పై వివరాలు సత్యం, తప్పని తేలితే తొలగించవచ్చు" అని సంతకం ఉంటుంది. రెజ్యూమెలో వదిలేయడం వేరు, ఆ గడిలో డిప్లొమా అని రాసి సంతకం పెట్టడం వేరు. రెండోది చేయించకండి. పైగా ఇతని విషయంలో 2019 నుంచి 2022 దాకా మూడేళ్లు ఏం చేశావని అడుగుతారు. అక్కడ ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం తోడవ్వాలి.

కొలిమి_కుర్రాడు
సరే, దాచే ఆలోచన పక్కన పెట్టేశాం. మరి గవర్నమెంటు పోస్టుల సంగతి? పై చదువులో కింది చదువు కలిసే ఉంటుంది కదా?

రూల్‌బుక్
అక్కడే అందరూ బోల్తా పడేది. అన్నిసార్లూ కలిసి ఉండదు.

కేరళ విద్యుత్ బోర్డు సబ్ ఇంజనీర్ పోస్టుకి డిప్లొమా అడిగితే బీటెక్ వాళ్లు పెట్టుకున్నారు. 2010లో సుప్రీంకోర్టు వాళ్లకి అర్హత ఉందంది. ఎందుకంటే కేరళ సర్వీసు నిబంధనల్లోనే, కింది అర్హతని తనలో కలుపుకున్న పై అర్హత చెల్లుతుందని ఒక రూలు ఉంది.

జమ్మూ కశ్మీర్ విద్యుత్ శాఖ టెక్నీషియన్ పోస్టుకి ఐటీఐ అడిగితే డిప్లొమా వాళ్లు పెట్టుకున్నారు. 2018 డిసెంబరులో అదే సుప్రీంకోర్టు కుదరదంది. అక్కడ కేరళ లాంటి రూలు లేదు. ఏ పోస్టుకి ఏ అర్హత కావాలో తేల్చేది యజమాని, కోర్టు కాదు అంది. ఐటీఐ, డిప్లొమా ఒకే దారిలో ఉన్న రెండు మెట్లు కావు, వేర్వేరు శిక్షణలు.

2021లో హిమాచల్ విద్యుత్ బోర్డు జేఈ (జూనియర్ ఇంజనీర్) కేసులో మళ్లీ డిగ్రీ వాళ్లకి అవకాశం దొరికింది. అక్కడ నిబంధనలన్నీ కలిపి చదివితే డిగ్రీ వాళ్లనీ ఆ కేడర్‌లోకి అనుకున్నట్టే ఉందని కోర్టు చూసింది.

అందుకని నోటిఫికేషన్ తెరవగానే ఖాళీల సంఖ్య చూసి సంబరపడకుండా అర్హతల పేరా తీయండి. "కనీసం" అని ఉందా? "లేదా తత్సమానం" అని ఉందా? అడుగున నోట్‌లో "పై అర్హతలు పరిగణించబడవు" అని ఉందా? ఆ పేరాలో ఏ సర్వీసు రూల్స్ జీవో నంబరు ఇచ్చారో అదీ తీసి చదవండి. నోటిఫికేషన్‌కీ రూల్స్‌కీ తేడా ఉంటే రూల్సే నిలుస్తాయి.

నాలుగోలైను
రైల్వే ఏఎల్‌పీ (అసిస్టెంట్ లోకో పైలట్) పోస్టుకి అయితే ఐటీఐ బదులు మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, ఆటోమొబైల్ డిప్లొమా గానీ డిగ్రీ గానీ ఒప్పుకుంటారు, నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. ఎస్‌ఎస్‌సీ జేఈకీ డిప్లొమా లేదా డిగ్రీ. మీ తమ్ముడికి ఈ రెండూ తెరిచే ఉన్నాయి.

వేములవాడ_వాసు
మరి కరెంటోళ్ల లైన్‌మన్ పోస్టు?

రూల్‌బుక్
అక్కడ అడిగేది ఐటీఐ ఎలక్ట్రికల్ లాంటి ట్రేడు అర్హత. బీటెక్ ఉంది కాబట్టి ఐటీఐ ఉన్నట్టే అనుకోవద్దు, కశ్మీర్ కేసు గుర్తుపెట్టుకోండి. పైగా స్తంభం ఎక్కే పరీక్ష ఉంటుంది. థియరీలో ఫస్ట్ క్లాసు వచ్చినవాళ్లు స్తంభం ఎక్కి దిగలేక ఆగిపోతుంటారు.

డీఈడీ_దీపిక
బీఈడీ వాళ్ల గొడవ కూడా ఇదే కదా! 2018 జూన్ 28న ఎన్‌సీటీఈ (టీచర్ల చదువుని చూసే జాతీయ మండలి) బీఈడీ వాళ్లు కూడా ఒకటి నుంచి ఐదు తరగతులకి చెప్పొచ్చు, చేరిన రెండేళ్లలో ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలని నోటిఫికేషన్ ఇచ్చింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో ఏపీ డీఎస్సీలో ఎస్‌జీటీకి, అంటే ప్రాథమిక తరగతుల టీచర్ పోస్టుకి బీఈడీ వాళ్లని అనుమతిస్తే హైకోర్టు ఆపింది. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులైతే అందులో 6,508 ఎస్‌జీటీలే. డిగ్రీ ప్లస్ బీఈడీ చేసినవాళ్లు వాటిని చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది.

గుంటూరు_మిర్చి
ఐదేళ్లు చదివినవాళ్లకి లేని అర్హత, ఇంటర్ తర్వాత రెండేళ్లు చదివినవాళ్లకి ఉంటుందా? నాకిది మింగుడుపడదు.

డీఈడీ_దీపిక
ఎన్నేళ్లు చదివారన్నది కాదండీ, ఏం నేర్చుకున్నారన్నది. డీఈడీలో ఆరేళ్ల పిల్లకి అక్షరం ఎలా పట్టించాలి, కూడికలో చేతిలో అంకె ఎందుకు మర్చిపోతారు, ఒకే గదిలో రెండు తరగతులు ఎలా నడపాలి అన్నవే చెప్తారు, స్కూల్లో చేయిస్తారు. బీఈడీ తయారుచేసేది హైస్కూలు సబ్జెక్టు టీచర్లని. బీఈడీ వాళ్లకి స్కూల్ అసిస్టెంట్ పోస్టులున్నాయి. అవి తక్కువగా వేస్తున్నారన్నది అసలు బాధ. దాన్ని మా పోస్టులతో తీర్చమంటే ఎలా?

లెక్కల_పంతులు
"ఎలా వచ్చింది" అన్న ప్రశ్న దగ్గరికి వద్దాం. ముందు ఒక హెచ్చరిక. ఓవర్ క్వాలిఫికేషన్ శాతం అని ఎవరు అంకె చెప్పినా, ఎలా కొలిచారని అడగండి. మూడు పద్ధతులున్నాయి.

మొదటిది పనిని బట్టి. మన జాతీయ వృత్తుల వర్గీకరణ, ఎన్‌సీఓ, పనుల్ని నాలుగు నైపుణ్య స్థాయిలుగా చేస్తుంది. మొదటి స్థాయికి పదేళ్ల లోపు చదువు చాలు, రెండో దానికి 11 నుంచి 13 ఏళ్లు, మూడో దానికి 14, 15 ఏళ్లు, నాలుగో దానికి 15 ఏళ్ల పైన. గుమాస్తా, సేల్స్, సేద్యం, మెషిన్ ఆపరేటర్ అన్నీ రెండో స్థాయి. ఇంజనీర్, డాక్టర్, లెక్చరర్ నాలుగో స్థాయి. రెండోది, ఈ పనికి ఎంత చదువు కావాలని ఉద్యోగినే అడగడం. మూడోది, ఆ వృత్తిలో ఉన్నవాళ్ల సగటు చదువు తీసి, దానికి ఒక ప్రామాణిక విచలనం (మామూలుగా ఉండే హెచ్చుతగ్గుల కొలత) పైన ఉన్నవాళ్లని ఎక్కువ చదివినవాళ్లుగా లెక్కపెట్టడం.

ఒకే మనిషి మూడింటిలో మూడు రకాలుగా తేలతాడు. తెలంగాణ గ్రూప్-4 జూనియర్ అసిస్టెంట్‌ని తీసుకోండి. ఎన్‌సీఓ ప్రకారం గుమాస్తా పని, రెండో స్థాయి, కాబట్టి డిగ్రీ ఎక్కువ. అతన్నే అడిగితే, సర్వీసు రూల్స్ ప్రకారం డిగ్రీయే కనీస అర్హత కాబట్టి సరిపోయింది అంటాడు. సగటు పద్ధతిలో అయితే ఇంకా విచిత్రం. అందరూ డిగ్రీలతో వచ్చేసరికి సగటే పెరిగిపోయి, సమస్య కాగితం మీద మాయమవుతుంది. సొంత పొలం చేసుకునే బీకాం కుర్రాడు కూడా మొదటి పద్ధతిలో "ఎక్కువ చదివినవాడే".

2024-25 ఆర్థిక సర్వేలో గ్రాడ్యుయేట్లలో 53 శాతం, పీజీల్లో 36 శాతం తమ చదువుకన్నా కింది పనుల్లో ఉన్నారన్నది ఈ మొదటి రకం లెక్కే. తప్పని కాదు. ఏం కొలిచిందో తెలుసుకుని వాడాలి.

నాలుగోలైను
ఆ గ్రూప్-4కి 8,180 పోస్టులకి తొమ్మిదిన్నర లక్షల దరఖాస్తులు. పోస్టుకి 116 మంది. 2019లో ఏపీ సచివాలయాలకి లక్షా 26 వేల పోస్టులంటే 21 లక్షలు దాటాయి, అది కూడా మొదటి రెండేళ్లు నెలకి 15,000 మీద.

గుంటూరు_మిర్చి
ఇదంతా ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్లే. ఊరికే వస్తుంటే అందరూ ఇంజనీరింగే.

పాలిటెక్నిక్_మాస్టారు
మిర్చి గారూ, సగమే నిజం. 2008 ప్రాంతంలో ఆ పథకం రాకపోతే వ్యవసాయ కూలీల ఇళ్ల నుంచి, ముఖ్యంగా ఆడపిల్లలు, ఇంజనీరింగ్ గడప తొక్కేవాళ్లు కాదు. దాన్ని తప్పుపట్టను. తప్పు ఎక్కడంటే, డబ్బు సీటుని బట్టి వచ్చింది, చదువుని బట్టి కాదు. సీటు నిండితే కాలేజీకి బిల్లు. అందుకే ఉమ్మడి రాష్ట్రం విడిపోక ముందే కాలేజీలు ఏడు వందలు దాటాయి. చాలాచోట్ల ప్రభుత్వం బీసీ, ఈబీసీ పిల్లలకి ఏడాది ఫీజు 35,000 వరకే ఇస్తానని గీత గీసింది. తెలంగాణలో పదివేల లోపు ర్యాంకుకి మాత్రం పూర్తి ఫీజు. ఆ 35,000లోనే నెట్టుకురావాల్సిన కాలేజీ ముందు కోత పెట్టేది వర్క్‌షాపు. లేత్ మెషిన్ కొనదు, ఉన్నదానికి టూల్ బిట్లు కొనదు. కంప్యూటర్ ల్యాబు ఒక్కటే నడుపుతుంది. సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని సీఎస్ఈ, ఏఐ, డేటా సైన్స్ పెంచుకోవడం అక్కణ్ణుంచి వచ్చిన లెక్క.

ఎవరూ పట్టించుకోనిది మధ్య మెట్టు. పాలిటెక్నిక్ పెట్టిందే ఫ్యాక్టరీకి సూపర్‌వైజర్లని ఇవ్వడానికి. ఇప్పుడు మా తరగతిలో ఆఖరి సెమిస్టర్ రాగానే పుస్తకాలు పక్కన పెట్టి ఈసెట్ కోచింగ్. లేటరల్ సీట్లు పది శాతం, మిగిలిపోయిన ఖాళీలు కూడా వాటికే కలుస్తాయి. డిప్లొమాతో ఆగినవాడికి పిల్లనివ్వరు అన్నంత వరకు వచ్చింది. చివరికి డిప్లొమా కావాలన్న కంపెనీకి దొరికేది బీటెక్ వాళ్లు. వాళ్లని తీసుకుంటే డిప్లొమా వాడు ఆపరేటర్‌గా దిగుతాడు, ఐటీఐ వాడు కాంట్రాక్టు హెల్పర్ అవుతాడు, పది చదివినవాడు గేటు బయటే. నష్టమంతా అడుగునున్నవాడిదే, కానీ అతని గురించి పత్రికలో రాయరు.

షాప్‌ఫ్లోర్_హెచ్ఆర్
మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. గేటు దగ్గర రోజూ చూసేది ఇదే.

ఎంటెక్_బాధితుడు
ఎంటెక్ మాట ఎవరూ ఎత్తట్లేదు, నేను ఎత్తుతాను. ఇంజనీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి ఎంటెక్ కావాలి కాబట్టి వేలమంది చేశారు. 2018-19లో ఏఐసీటీఈ (సాంకేతిక విద్యని నియంత్రించే జాతీయ మండలి) అధ్యాపక నిష్పత్తిని 15 మందికి ఒకరు నుంచి 20 మందికి ఒకరుగా మార్చింది. 60 సీట్ల బ్రాంచి, నాలుగేళ్లకి 240 మంది. పాత లెక్కన 16 మంది లెక్చరర్లు, కొత్త లెక్కన 12. బ్రాంచికి నలుగురు ఒక్క కలంపోటుతో మిగులు! మెకానికల్ సీట్లు తగ్గినచోట ఆ 12 కూడా లేవు. వాళ్లంతా మళ్లీ బీటెక్ అర్హత పోస్టులకే వచ్చి పోటీ పడుతున్నారు.

గుంటూరు_మిర్చి
మరి పరిష్కారం? కొత్త కాలేజీలు ఆపడమేగా?

లెక్కల_పంతులు
ఆపి చూశారు. 2020 నుంచి ఏఐసీటీఈ కొత్త ఇంజనీరింగ్ కాలేజీలకి అనుమతులు నిలిపేసింది, 2023-24లో ఎత్తేసింది. 2024-25 నుంచి బాగా నడిచే సంస్థలకి సీట్ల గరిష్ఠ పరిమితి కూడా తీసేసింది. కాలేజీలు తగ్గినా సీట్లు తగ్గవు, పెద్ద కాలేజీల్లోకి చేరతాయి. దేశం మొత్తం మీద చూస్తే 2021-22లో ఉన్నత విద్యలో నమోదు నిష్పత్తి (18-23 ఏళ్ల జనాభాతో పోలిస్తే చేరినవాళ్లు) 28.4 శాతమే, 2035కి 50 చేయాలన్నది జాతీయ విధానం. అంటే విస్తరణ ఆగదు. ఎక్కువమంది చదవడం నాకు సమస్యగా తోచదు. అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం 2023 నివేదికలో 25 ఏళ్ల లోపు గ్రాడ్యుయేట్లలో నిరుద్యోగం 42.3 శాతం, 35 దాటినవాళ్లలో 5 లోపు. వయసుతో పాటు ఏదో ఒక పని దొరుకుతోంది. ఆ పదేళ్లలో ఏం పోగొట్టుకుంటున్నారు, చివరికి ఎలాంటి పనిలో కుదురుకుంటున్నారు అన్నదే నా దిగులు.

లేత్_మేస్త్రి
చర్చ పైకెళ్లిపోయింది, కుర్రాడి పని చూద్దాం.

సెట్టర్ పోస్టుకి రెజ్యూమె ఇలా రాయించండి. మొదటి నాలుగు లైన్లలో చేతి పని. ఏ కంట్రోల్ (మెషిన్‌ని నడిపే కంప్యూటర్) మీద చేశాడు, ఫానుక్కా సీమెన్సా. డ్రాయింగ్‌లో జీడీ అండ్ టీ గుర్తులు (ఆకారంలో ఎంత తేడా ఒప్పుకుంటారో చెప్పేవి) చదవగలడా. 0.01 మిల్లీమీటర్ మైక్రోమీటర్, 0.02 వెర్నియర్, బోర్ గేజ్ వాడగలడా. తర్వాత డిప్లొమా, దాని కిందే బీటెక్ ఒక్క లైను. దాచలేదు, ముందుకీ తోయలేదు.

ట్రేడ్ టెస్టులో డిగ్రీ వాళ్లు దొరికిపోయేది జీ కోడ్ (మెషిన్‌కి ఇచ్చే ఆదేశాలు) దగ్గర కాదు. జీ00, జీ01, జీ02 అందరూ అప్పజెప్తారు. దొరికిపోయేది ఆఫ్‌సెట్ (జాబ్, టూలు ఎక్కడున్నాయో మెషిన్‌కి చెప్పే కొలత) దగ్గర. జాబ్ చక్‌లో బిగించాక జీ54లో వర్క్ జీరో తీసుకోవాలి, ప్రతి టూలుకీ ఆఫ్‌సెట్ వేరుగా తీసుకోవాలి. కొత్త ఇన్సర్ట్ (టూలు చివర కోసే మొన) మార్చి పాత ఆఫ్‌సెట్‌తోనే నడిపితే కొలత తప్పుతుంది, తేడా ఎక్కువైతే టూల్ వెళ్లి చక్‌ని కొడుతుంది, స్పిండిల్ పోతుంది. అందుకే మొదటి పీస్ సింగిల్ బ్లాక్‌లో (ఒక్కో ఆదేశం చొప్పున), ర్యాపిడ్ వేగం తగ్గించి, చెయ్యి ఫీడ్ హోల్డ్ (మెషిన్‌ని ఆపే బటన్) మీద పెట్టి నడపాలి. ఇదొక్కటి చేసి చూపిస్తే సూపర్‌వైజరే హెచ్ఆర్ దగ్గరికి వెళ్లి వీడు కావాలని అడుగుతాడు.

ఈ చేతిపని తక్కువైతే హైదరాబాద్ బాలానగర్‌లోని సీఐటీడీ (కేంద్ర టూల్ డిజైన్ సంస్థ)లో సీఎన్‌సీ మీద చిన్న కోర్సులున్నాయి. ఏడాది ఆఫీసు చుట్టూ తిరిగేకన్నా నయం.

షాప్‌ఫ్లోర్_హెచ్ఆర్
దీనికి నాదొకటి కలపండి. ఇంటర్వ్యూలో "ఎంత జీతమైనా చేస్తాను" అనొద్దు, అలా అంటే దొరికింది పట్టుకుని వెళ్లిపోయే మనిషిలా వినిపిస్తుంది. డీఈటీ స్లాబులోనే చేరతాను, రెండేళ్ల తర్వాత ఇంటర్నల్‌గా ఇంజనీర్ గ్రేడ్‌కి రాసే వీలుందా అని అడగమనండి. చాలా ఫ్యాక్టరీల్లో ఆ దారి ఉంటుంది, అడిగినవాళ్లకే చెప్తాం. షిఫ్టులు చేస్తానని ముందే చెప్పాలి. సర్వీసు బాండు పెడితే సంతకానికి ముందు మొత్తం చదవాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ అప్పగించొద్దు. జిరాక్స్ ఇచ్చి ఒరిజినల్ చూపించి వెనక్కి తీసుకోవాలి.

కొలిమి_కుర్రాడు
మేస్త్రి గారు చెప్పినట్టే రెజ్యూమె తిరగరాయిస్తున్నాం. అప్రెంటిస్‌షిప్ సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా? 2022 పాసవుటుకి ఇంకా అవకాశం ఉంటుందా?

నాలుగోలైను
నాట్స్ (కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పథకం) పోర్టల్‌లో నమోదు చేయించండి. అప్రెంటిస్ నిబంధనల 2019 సవరణలో గ్రాడ్యుయేట్‌కి నెలకి కనీస స్టైపెండ్ 9,000, డిప్లొమాకి 8,000గా పెట్టారు, ఇప్పుడెంతో పోర్టల్‌లో చూసుకోండి; కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం ఇస్తుంది. కంపెనీకి ఖర్చు తక్కువ కాబట్టి ఓవర్ క్వాలిఫైడ్ అన్న మాట అక్కడ రాదు. పాసైన సంవత్సరం పరిమితి ఒక్కో సంస్థ ప్రకటనలో ఒక్కోలా ఉంటుంది, అది చూసుకోవాలి. ఏడాది, ఆపైన అనుభవం చూపిస్తే తీసుకోరు, కాబట్టి ఎక్కడైనా చిన్నాచితకా చేరేముందే ఇది తేల్చుకోండి.

పాలిటెక్నిక్_మాస్టారు
నమోదు చేసేటప్పుడు పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లోనూ టెన్త్ మెమోలోనూ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా ఉంటే వెరిఫికేషన్ ఆగిపోతుంది. ముందు ఆధార్ సరిచేయించి తర్వాత ఫారం నింపండి.